పన్నెండో ప్రయోగం

ఫిబ్రవరి 18, మంగళవారం

నేను చేసింది నమ్మదగింది కాదని విరుదునగర్‌లో ఒక ప్రొఫెసరమ్మ ఎర్ర సిరాతో రాసింది. దానికి నా జవాబు ఇది. ఆమె చదవాలని కాదు. ఆమెకు ఈ అక్షరాలు రావు. మా ఇంట్లో మాట్లాడేది తెలుగే, కానీ తమిళ ఊరు కదా, చదివిందంతా అరవమే; ఈ అక్షరాలు ఎవరికీ రావు. నాకైతే ఏ అక్షరాలూ రావు. అందుకే తెలుగులో రాయిస్తున్నాను. పెట్టెకు తాళం వేసినట్టు ఉంటుంది.

రాసేది రామానుజం వాధ్యారు. పక్క వీధి. బళ్లో తెలుగు క్లాసు ఎత్తేసేదాకా తెలుగు చెప్పిన మనిషి. ఆ తరువాత ఆయన చేతిరాతకు పని లేకుండా పోయింది. మధ్యాహ్నం మూడింటికి వస్తారు, కాఫీ తాగుతారు, చెప్పింది రాసి వెళ్తారు. నేను ‘సేయి’ అంటే ఆయన ‘చెయ్యి’ అని రాస్తారు. రాసుకోనీ. అక్షరానికి ఒక మర్యాద ఉంటుంది. నేను చెప్పింది మాత్రం మార్చకూడదు, తీర్పు చెప్పకూడదు. అది మా ఒప్పందం.

సంగతి ఇది. నా కొడుకు కూతురు శివరంజని రోజూ మా ఊరు కోవిల్‌పట్టి నుంచి విరుదునగర్ కాలేజీకి వెళ్లి మనసు చదువు చదువుతోంది. సైకాలజీ అంటుంది. మూడో ఏడు. మనుషుల మీద పన్నెండు ప్రయోగాలు చేసి, రికార్డు రాసి చూపించాలి. పన్నెండోది చేతివేళ్ల చురుకు. ఒక ఇత్తడి పలక, దానికి నూరు కన్నాలు, పక్కన గిన్నెలో పిన్నులు. కన్నానికి మూడేసి పిన్నులు పెట్టాలి. కుడి చేత్తో మాత్రమే, అంటే తినే చేత్తో. ఎంతసేపు పట్టిందో రాయాలి. అరవై దాటిన మనిషి కావాలన్నారు. నాకు డెబ్బై మూడు. కూర్చున్నాను.

ఐదు నిమిషాల పది సెకన్లు.

కాలేజీ పిల్లలకే ఎనిమిది, తొమ్మిది పడుతుందట. ప్రొఫెసరమ్మ సెల్వలక్ష్మి ఆ అంకె చుట్టూ సున్నా చుట్టి రికార్డు వెనక్కి పంపింది. మార్చి నాలుగులోగా సంతకం పడకపోతే ఏడో తేదీ పరీక్షకు రంజనిని కూర్చోనివ్వరు. పరీక్ష లేకపోతే డిగ్రీ లేదు. ఒక ఏడాది పోయినట్టే.

నేను ఒంటి చేత్తోనే చేశాను. ఎనిమిదో ఏట నుంచి అగ్గిపుల్లలు పేర్చిన చెయ్యి ఇది.

ఫిబ్రవరి 19, బుధవారం

ఈ చదువుకు ఏమేం కావాలో రంజనిని కూర్చోబెట్టి చెప్పించుకున్నాను. ఎవరితో తగువు పడుతున్నామో తెలియాలి కదా.

మొదటి ఏడు మెదడు, నరాలు. రెండో ఏడు చిన్నపిల్లల మనసు, ఆ తరువాత పెద్దవాళ్ల మనసు. మూడో ఏడు దారి తప్పిన మనసు. పక్కన అరవం ఒక పరీక్ష, ఇంగ్లీషు ఒక పరీక్ష. ముప్పై రోజులు మనసు చెదిరినవాళ్ల ఆశ్రమంలో పని చేయాలి. అది సాత్తూరులో ముగించింది. ఇవి కాక లెక్కలు.

“మనసు సదివేదానికి లెక్కలేంటికే?”

“స్టాటిస్టిక్స్ అవ్వా. నూరుమంది మనసు కలిపి సూడాలంటే లెక్క కావాల.”

“నూరుమంది మనసు కలిపితే సంత అవుతాది.”

నవ్వింది. ఆ లెక్కల పరీక్ష రెండుసార్లు తప్పి, మూడోసారి గట్టెక్కిన పిల్ల. నవ్వే హక్కు ఉంది.

“సరే, ఇంత సదివినాక ఒకరి మొగం సూసి వాళ్ల మనసు సెప్తావా?”

“సెప్పగూడదు అవ్వా. మొగం సూసి సెప్పగూడదని నేర్పేదానికే మూడేండ్లు.”

“మరి ఏం సూసి సెప్పేది?”

“వాళ్లు సేసేది కన్ను తీయకుండా సూడాల. సూసింది రాయాల. సూడనిది రాయగూడదు. అదే మొదటి రూలు.”

ఈ మాట అని, నీళ్లు తాగడానికి లోపలికి వెళ్లింది. చాలాసేపు రాలేదు.

ఫిబ్రవరి 20, గురువారం

చెంబు జారింది. చెయ్యి తడిగా ఉంది.

ఫిబ్రవరి 22, శనివారం

పుల్లలు పేర్చే పని గురించి చెప్తాను. అది తెలియకుండా నా అంకెను కొట్టేయడానికి ఎవరికీ అర్హత లేదు.

తీపెట్టి ఆఫీసు అంటాం, అగ్గిపెట్టెల ఫ్యాక్టరీని. ఒక చట్రం, దానికి వరసగా సన్నని చెక్కపట్టీలు, ప్రతి పట్టీకి గాడులు. గాడికి ఒక పుల్ల. మందులో ముంచేటప్పుడు పుల్లకు పుల్ల తగలకూడదు. గుప్పెడు పుల్లలు పట్టీ మీద జల్లి, అరచేత్తో ఒక్క విసురు విసిరితే సగం గాడులు నిండుతాయి. మిగతావి వేళ్లతో తోస్తాం. చూస్తూ చేసే పని కాదు అది. చూస్తే ఆగిపోతుంది.

అందుకని అక్కడ ఒక కట్టుబాటు. పేర్చే చేతిని ఎవరూ చూడకూడదు. ఒకరికొకరం వీపులు పెట్టి కూర్చునేవాళ్లం. కొత్తది ఎవరైనా తిరిగి చూస్తే, “ఏమే, నీ కన్ను నా పుల్ల మీద ఏంటికి? నీ సెయ్యి నువ్వు సూసుకో” అని తిట్టేవాళ్లం. కన్ను పడితే ఆ పూటకు చెయ్యి ఆడదు. నా పక్కన పేర్చే అళగమ్మాళ్ చేతిని ఒక కొత్త మేస్త్రీ పొద్దున్నంతా నిలబడి చూశాడు. మధ్యాహ్నానికి ఆమె వేళ్లు కొయ్యబారిపోయాయి. ఆ మేస్త్రీకి చెప్పి లాభం లేదని, మరునాటి నుంచి మేమంతా కొంగు కప్పుకుని పేర్చాం. నలభై ఏళ్లు నా చెయ్యి ఎవరికీ చూపలేదు.

ప్రయోగం రోజు రంజని పలక ముందుపెట్టి ఎదురుగా కూర్చుంది.

“అట్లా సూస్తే నా సెయ్యి ఆడదు. గోడతట్టు తిరుగు.”

“సూడాల అవ్వా. రూలు.”

“రూలు నీ కాలేజీలో పెట్టుకో. ఇది నా సెయ్యి.”

తిరిగింది. ఫోనులో గడియారం పట్టుకుని, గోడ మీద క్యాలెండరు చూస్తూ నిలబడింది. అయిందన్నాను. తిరిగి చూస్తే నూరు కన్నాలూ నిండి ఉన్నాయి. “కుడి సేత్తోనే గదా అవ్వా?” అంది. “ఇంకేంటితో సేస్తారే” అన్నాను. ఇందులో ఏం తప్పుందో నాకు తెలియదు.

వాధ్యారు ఇక్కడ పెన్ను ఆపారు. రాయండి అన్నాను. రాశారు.

ఫిబ్రవరి 23, ఆదివారం

వాధ్యారు ఆదివారం రారు. కబురు పెట్టి పిలిపించాను.

కొడుకు లారీ మీద ఉన్నాడు. కోడలు అముద బట్టల కొట్టుకు ఆదివారమూ వెళ్లాలి. ఇంట్లో నేనూ రంజనీ. వంకాయలు తరుగుతోంది. తరగడం ఈమధ్య తనకే వదిలేశాను, నేర్చుకోవాలి కదా.

“ఆ ప్రొఫెసరమ్మ ఏం అడిగిందో ఒక్క మాట వదలకుండా సెప్పు.”

“నువ్వు నీ కండ్లతో సూసినావా అని అడిగినారు.”

“నువ్వేమన్నావు?”

కత్తి ఆపింది. “సూసినా అన్నాను.”

ముక్కలు నల్లబడుతున్నాయని నేనే నీళ్లలో వేశాను.

“రికార్డులో గూడా రాసినా అవ్వా. కుడి సెయ్యి నిదానంగా, ఆగకుండా పని సేసిందని. సూడకుండా రాసినా.”

“ఏంటికి రాసినావు?”

“నువ్వు సెప్పినావు గదా. నువ్వు అబద్దం సెప్పవు గదా.”

ఇప్పుడు ప్రొఫెసరమ్మ నన్ను తీసుకురమ్మంటోంది. ఆమె ఎదురుగా నేను మళ్లీ చేయాలి. పన్నెండోది కల్పించిందని తేలితే తక్కిన పదకొండూ ఎట్లా నమ్మేది అందట. అప్పుడు రికార్డే కొట్టేస్తారు.

“ఐదు నిమిషాలు కాకపోయినా పరవాలేదు అవ్వా. ఏడు నిమిషాలైనా సాలు. సేయగలిగినదే అని వాళ్లకు తెలిస్తే సాలు.”

వస్తాను లే అన్నాను.

ఫిబ్రవరి 24, సోమవారం

ఒంటి చేత్తోనే చేశాను.

ఇది మొదటిరోజే రాశాం కదా అన్నారు వాధ్యారు. మళ్లీ రాయండి అన్నాను.

ఫిబ్రవరి 25, మంగళవారం

ఇడియాప్పం ఉడికించే పళ్లెం తీసుకున్నాను. దానికీ కన్నాలు ఉంటాయి. కన్నానికి మూడు అగ్గిపుల్లలు నిలబెట్టాలని చూశాను, కుడి చేత్తో. ఇప్పటి పుల్లలకు మైనం ఎక్కువ. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నిలవవు. మా కాలంలో పుల్ల ఇట్లా జారేది కాదు. నాలుగు కన్నాలు నిండేసరికి అన్నం ఉడికిపోయింది.

అముద మధ్యాహ్నం తిండికి వచ్చి చూసింది.

“ఏం అత్తా, అగ్గిపుల్లలతో ఆటా?”

“ఎన్ని విరిగినవి కలిపినారో సూస్తాండా.”

“అదంతా మీకెందుకు? కూచోండి అత్తా. రేపటినుంచి పొద్దున్నే నేను వంట సేసి పోతాను.”

“నువ్వు నీ కొట్టు సూసుకో. నీ సాంబారు తింటే నీ మొగుడు లారీ తిప్పుకుని వెనక్కి పోతాడు.”

నవ్వుతూ వెళ్లింది. మంచిదే. కానీ ‘కూచోండి’ అనే మాట మా ఇంట్లో నాకు నచ్చదు.

ఫిబ్రవరి 27, గురువారం

చెప్పేస్తాను. రాయండి.

ఎడమ చెయ్యి వెళ్లింది. నేను పంపలేదు. పుల్లలు పేర్చేవాళ్లకు రెండు చేతులూ కలిసే పని చేస్తాయి. ఒకటి పోస్తుంది, ఒకటి తోస్తుంది. రెండో చేతిని ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం మాకు ఎవరూ నేర్పలేదు. పిన్నులు చూడగానే అది దానంతటదే వెళ్లింది. అలవాటు అబద్ధం కాదు. ఇంకేంటితో చేస్తారే అన్నాను గానీ, కుడి చేత్తో చేశానని నేను నోటితో అనలేదు.

“కుడి చెయ్యి ఏం చేసింది గురువమ్మా?” అని అడిగారు వాధ్యారు.

ఇది ఒప్పందంలో లేదు. ఆ ప్రశ్న రాయొద్దన్నాను. రాసినట్టున్నారు.

తోసింది. పిన్నుల్ని గుంపుగా ఎడమ చేతి దగ్గరికి తోసింది.

“పట్టుకోలేదా?”

లేదు.

ఫిబ్రవరి 28, శుక్రవారం

ఈ రోజు ఏమీ లేదు. వాధ్యారు కాఫీ తాగి వెళ్లారు.

మార్చి 1, శనివారం

మా అత్త తంగమ్మాళ్‌కు ఇట్లాగే కుడి చేతి వేళ్లతో మొదలైంది. దోసె తిప్పలేకపోయింది. కూచో అత్తా, నేను చూసుకుంటాను అన్నాను. ప్రేమతోనే అన్నాను. ఆమె కూర్చుంది. మొదట వంటింటి గడప దగ్గర, తరువాత నడవలో, తరువాత వెనక గదిలో. రెండేళ్లలో ఆమెను ఏదీ అడగడం మానేశాం. ఉప్పు ఎంత వేయాలో కూడా.

నాకు దీపావళి నుంచి. అంతకుముందు కాదు.

మార్చి 2, ఆదివారం

ఎటు వెళ్లినా ముల్లే. వెళ్లి కుడి చేత్తో చేస్తే అరగంటలో కూడా పూర్తి కాదు, అంకె అబద్ధమని తేలుతుంది. ఎడమ చెయ్యి పెట్టానని ముందే చెప్తే, రంజని చూశానన్నది అబద్ధమని తేలుతుంది. జ్వరమని పడుకుంటే రెండూ అబద్ధమనే అనుకుంటారు.

రంజనికి చెప్పనా అని వాధ్యారును అడిగాను. తీర్పు చెప్పొద్దన్నారు కదా అన్నారు. ఈ మనిషి సమయం చూసి మాట నిలబెట్టుకుంటాడు.

రంజని నా చీర ఇస్త్రీ చేసి పెట్టింది. నీలం అంచుది. “భయమా అవ్వా?” అంది. “నాకేంటికే భయం” అన్నాను.

చెప్పలేదు.

మార్చి 3, సోమవారం

సాయంత్రం ఐదు. ఇప్పుడే వచ్చాం. వాధ్యారు అరుగు మీదే కూర్చుని ఉన్నారు.

పొద్దున ఎనిమిదింటి బస్సు. విరుదునగర్‌లో దిగి నడిచాం. సైకాలజీ గది రెండో అంతస్తు. మెట్లెక్కి కాస్త ఊపిరి పీల్చుకున్నాను. సెల్వలక్ష్మి ప్రొఫెసరమ్మ ఎట్లా ఉంటుందో అనుకున్నాను. నలభై కూడా ఉండవు. నన్ను చూసి లేచి నిలబడింది. కుర్చీ తానే జరిపింది. నేను తిట్లు మూటకట్టుకుని పోయాను. ఒక్కటీ విప్పలేకపోయాను.

పలక పెట్టింది. “మొదలుపెట్టండమ్మా” అంది అరవంలో.

కుడి చెయ్యి గిన్నెలోకి వెళ్లింది. మూడు పిన్నులు పట్టుకుంది. రెండు జారాయి. మళ్లీ పట్టుకుంది. ఒకటి కన్నంలో పడింది, ఒకటి బల్ల కింద పడింది. ఎడమ చెయ్యి ఒళ్లోంచి లేస్తోంది, నాకు తెలుస్తోంది. దాన్ని తొడ కింద పెట్టుకున్నాను. నాలుగో కన్నం దగ్గర రంజని ముఖం చూశాను. అది నన్ను చూడటం లేదు. నా వేళ్లను చూస్తోంది.

ఆపాను.

“ఆరోజు రెండు చేతులూ పెట్టానమ్మా. ఈ పిల్ల చూడలేదు. గోడవైపు తిరగమన్నది నేనే. చూశానని చెప్పమన్నది కూడా నేనే.”

చివరి మాట నేను ముందుగా అనుకున్నది కాదు. వచ్చేసింది.

“లేదు మేడం,” అంది రంజని. “ఆ మాట అవ్వ చెప్పలేదు. నేనే చెప్పాను. రికార్డులో రాసింది కూడా నేనే.”

“నువ్వు నోరు మూసుకోవే” అన్నాను తెలుగులో.

“నువ్వు మూసుకో అవ్వా” అంది, అదీ తెలుగులోనే.

ప్రొఫెసరమ్మకు మాటలు తెలియకపోయినా సంగతి అర్థమైంది. “అంటే ఎవరూ చూడలేదు” అంది. కోప్పడలేదు. కోప్పడి ఉంటే నాకు సులువుగా ఉండేది. రికార్డు తీసి తక్కిన పదకొండింట్లో రెండు పేర్లు ఎంచుకుంది. వాళ్లకు అక్కడి నుంచే ఫోను చేసి, ఏం చేయించారు, ఎట్లా చేయించారు అని అడిగింది. మేం నిలబడే ఉన్నాం. రెండూ సరిగ్గానే ఉన్నాయి. రంజని చెవులు ఎర్రబడి ఉన్నాయి.

“పేజీ చింపకూడదు,” అంది ప్రొఫెసరమ్మ. “ఒక్క గీత కొట్టు. పక్కన కారణం రాయి.”

రంజని గీత కొట్టింది. ఏం రాశావే అని అడిగితే చదివింది. ‘ప్రయోగం చేయించినవారు చూడలేదు.’

“ఇప్పుడు మళ్లీ చేయించు. చూస్తూ.”

మేడం, అవ్వ వల్ల కాదు అంది రంజని. అదొక్కటే నాకు కోపం తెప్పించింది ఈ రోజంతటిలో. వల్ల కాదని ఎవరన్నారు? ఎంతసేపు పడుతుందనేదే కదా మీ లెక్క. కూర్చున్నాను.

నలభై నాలుగు నిమిషాలు. నూరు కన్నాలూ. మధ్యలో బెల్లు మోగింది, పిల్లలు వచ్చారు, బయట నిలబెట్టారు. ప్రొఫెసరమ్మ రెండుసార్లు ఆపుతారా అని అడిగింది. అరవయ్యో కన్నం దగ్గర వేళ్లు నావి కాకుండా పోయాయి. అరచేతిని గిన్నె అంచుకు ఆనించి, పిన్నును దొర్లించి పట్టుకోవడం అక్కడే నేర్చుకున్నాను. రంజని ఎదురుగా కూర్చుని కన్ను తీయకుండా చూసింది. చూస్తూ రాసింది. వేళ్లు వణకడం రాసింది, పిన్నులు ఎన్నిసార్లు జారాయో రాసింది, ఏ వేలు వంగడం లేదో రాసింది. ఒకసారి కళ్లు తుడుచుకుంది, కానీ పక్కకు తిప్పలేదు.

ఆ అంకెను పోల్చడానికి వాళ్ల పట్టికలో నా వయసుకు అంకె లేదట. అయితే రాసి ఉంచు అంది ప్రొఫెసరమ్మ. “రిపోర్టులో ఒక ఖాళీ మిగిలింది. చేసిన మనిషి సొంత మాట. అది ఆమె నోటితో చెప్పినట్టే రాసుకుని రేపు పొద్దున తీసుకురా. సంతకం పెడతాను.” నాతో మాత్రం, “ఆ చెయ్యి డాక్టరుకు చూపించండమ్మా, ఈ వారమే” అంది.

తిరుగు బస్సు ఎక్కాం. సాత్తూరు స్టాండులో బస్సు ఆగింది. కారసేవు పొట్లాలవాడు కిటికీ దగ్గర అరిచి వెళ్లాడు.

“ఎప్పటినుంచి అవ్వా?”

“దీపావళి నుంచి.”

“మాకేంటికి సెప్పలేదు?”

“సెప్తే కూచో అంటారు.”

“డాక్టరుకాడికి రా. ఆయన కూచోమంటే గూడా నేను అనను. కూరగాయలు నేను తరుగుతా. పొయ్యికాడ నువ్వే నిలబడు. సాలా?”

“సూస్తాం” అన్నాను.

బస్సు కదిలింది. రంజని రికార్డు ఒళ్లో పెట్టుకుని ఆ ఖాళీ పేజీ తీసింది.

“ఇది నువ్వు సెప్పాల. పిన్నులు పెట్టేటప్పుడు నీకు ఎట్లా అనిపించింది?”

ఏమీ అనిపించలేదు అనబోయాను. నోటిదాకా వచ్చింది.

“బయమయింది అని రాయి.”

నా ముఖం వైపు చూసింది. అది ఏం చూసిందో నాకు తెలియదు. తల వంచి రాయడం మొదలుపెట్టింది. బస్సు కుదుపుకు పెన్ను పక్కకు పోయింది.

“అక్షరం వంకర పోతాంది అవ్వా. ఇంటికి పోయి నిదానంగా రాసుకుంటా.”

“వొద్దు. ఇప్పుడే రాసుకో. ఇంటికి పోయినాక అడిగితే ఇంకోటి సెప్తాను.”